చల్లారిన వార్త

"ఇక గిన్నెలో చుక్క జిగురు లేదు," అంది నాయనమ్మ అడుగు గోకుతూ. "ఆ సందు దేంతో మూస్తారో మూసుకోండి."

వంటింటి కిటికీ రెక్కకూ చట్రానికీ మధ్య వేలెడు సందు మిగిలింది. దానిగుండా పొగ సన్నగా, తీరుబడిగా, పిలవని చుట్టంలా లోపలికి వస్తోంది.

"పిండి కలిపి ఉడకబెట్టు," అన్నాడు తాతయ్య.

"పొయ్యి ముట్టించొద్దని మీరేగా అన్నారు! బయటి పొగ చాలక లోపల కూడానా అని నిన్నంతా నా మీద ఎగిరారు."

"నిన్నటి మాట నిన్నటిది."

"ఇవాళ్టి మాటేమిటో సెలవివ్వండి మరి, వింటాను."

తాతయ్య మెడ చుట్టూ ఉన్న తడి తువ్వాలు తీసి, మడతపెట్టి, ఆ సందులో కుక్కాడు. పుస్తకం వెన్నుకు గుడ్డ అంటించేటప్పుడు బొటనవేలితో ఎలా నొక్కుతాడో, అలాగే ఈ చివర నుంచి ఆ చివరకు నొక్కుకుంటూ పోయాడు. జన్మంతా చేసిన పని. ఇల్లు తగలబడుతున్నా ఆ వేలు అలాగే నడుస్తుంది.

ఇల్లింకా తగలబడలేదు. తగలబడుతున్నది ఇంటి వెనకాల కొండ.

వీధి వీధంతా ఆయన్ని జిగురు తాత అంటుంది. ముందు గదిలో పుస్తకాలు బైండు చేస్తాడు, వెనక గదుల్లో సంసారం. కొండకు అవతలి వైపు అడవి అంటుకుందన్న రోజు ఆయన చేసిన మొదటి పని, పెద్ద గిన్నెడు మైదా జిగురు ఉడకబెట్టడం. రెండో పని, అటక మీది పాత పేపర్ల కట్టలు దింపడం. పొగ రాకుండా ఇల్లంతా మూసేద్దామని పెళ్ళాన్నీ కోడల్నీ మనవరాల్నీ తలా ఒక కిటికీ దగ్గర నిలబెట్టాడు.

పెరటి తలుపు సంగతైతే చెప్పనే అక్కర్లేదు. అది ఎవరికీ ఇవ్వలేదు, తనే మూశాడు. అట్టలు కోసి సందుల్లో దిగ్గొట్టి, పైన బైండింగు గుడ్డ పరిచి, గుడ్డ మీద కాగితం, కాగితం మీద మళ్ళీ గుడ్డ అంటించాడు. లావుపాటి నిఘంటువుకు కూడా అంత పని చేసి ఉండడు. ఆ తలుపు తీస్తే కొండ మీదికి కాలిబాట, వీధిలోకి చుట్టి రావడానికి సందు లేదు. కొడుకు చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి ఇంట్లోకి దూరేది అటునుంచే.

"ఇక చీమ కూడా రాదు," అన్నాడు ఆ రోజు చేతులు దులుపుకుని.

రాదు సరే. పోయే దారేది? ఆ మాట నాయనమ్మ నోటి చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకంటే పోవద్దన్నది ఆయన కాదు, కొడుకు.

కొడుకు నీళ్ళ ట్యాంకరు నడుపుతాడు. మంటలార్పే వాళ్ళకు నీళ్ళు మోయడానికి వెళ్ళాడు. ఫోనులో ఆఖరిసారి అన్న మాట ఒక్కటే. "నేనొచ్చేదాకా అక్కణ్ణుంచి కదలకండి. బండి వేసుకొచ్చి నేనే తీసుకుపోతా. మీ దారిన మీరు పోతే ఈ పొగలో ఎక్కడని వెతుక్కోను?"

ఆ తర్వాత ఫోను మూగబోయింది. వీధిలో అందరి ఫోన్లూ మూగబోయాయి. ఆ మాట మాత్రం ఇంట్లో నిలిచిపోయింది, గుమ్మానికి అడ్డం వేసిన గడియలా.

"అత్తయ్యా, ఎదురింటివాళ్ళు వెళ్ళిపోయినట్టున్నారు," అంది కోడలు ముందు గదిలోంచి. తలుపుకు చెవి ఆనించి నిలబడి ఉంది. "పొద్దున్నుంచీ వాళ్ళ కుక్క అరుపు లేదు."

"పడుకుందేమో."

"ఆ కుక్కా?"

ఆ కుక్క పడుకోవడం ఆ వీధిలో ఎవరూ చూసి ఎరగరు.

కరెంటు లేదు. పగలే, కానీ ఇంట్లో వెలుతురు టీ డికాక్షను రంగులో ఉంది. కిటికీల మీది పేపర్లలోంచి వడగట్టుకుని వస్తోంది. ఎటు చూసినా అక్షరాలే. ఇవతలి పక్క అచ్చు, అవతలి పక్క అచ్చు, రెండూ కలిసి వెలుగులో గజిబిజిగా కనిపిస్తున్నాయి. ఇంట్లో కూర్చున్నట్టు లేదు, ఎవరో తమని పుస్తకంలో పెట్టి మూసి, పైన బరువు పెట్టినట్టుంది.

ఆ ఇంట్లో పేపరంటే చదివేది కాదు. తూకానికి కొనేది. బైండు చేసిన పుస్తకాన్ని నొక్కు మరలో పెట్టేటప్పుడు తడి పీల్చడానికి అట్టల మధ్య పెట్టేది, జిగురు పూసేటప్పుడు బల్ల మీద పరిచేది. నాయనమ్మ నాలుగు ముక్కలు కూడబలుక్కుని చదువుతోందంటే అది ఆ బల్ల చలవే. లావు అక్షరాలు వచ్చు, సన్నవి రావు. అందుకని లోకంలో ఏం జరిగిందో ఆవిడకు తెలుసు, ఎందుకు జరిగిందో తెలియదు.

తాతయ్యకు వార్తల మీద ఒక సిద్ధాంతముంది. "వార్తంటే చల్లారాక చూడాలి. వేడి మీద చూస్తే చెయ్యి కాలుతుంది. ఏడాది ఆగి చూడు, ఆ గొడవేదో దానంతటదే సర్దుకుని ఉంటుంది."

ఆ సిద్ధాంతానికి ఎసరు పెట్టింది కోడలు. బడిలో టీచరు. బడి తెరిచినప్పట్నుంచీ ఇంటికి రోజువారీ పేపరు వేయించడం మొదలుపెట్టింది. తన తరగతి పిల్లలందరూ వారానికొక ఉపద్రవం ఎంచుకోవాలి. వరదో, గాలివానో, కరువో, కార్చిచ్చో. జరిగిన రోజు వార్త ఒక్కటే చదివితే కుదరదు. ఆ తర్వాత ఏమైంది, వారం తర్వాత ఏమైంది, జనం ఎటు పోయారు, ఎవరు తిరిగొచ్చారు, అంతా వెతికి చదివి చెప్పాలి.

"పసిపిల్లలకి ఈ చావుకబుర్లేంటి టీచరమ్మా?" అని మామగారు అప్పుడే ఎత్తిపొడిచాడు.

"ఎలా చచ్చిపోయారో కాదు మామయ్యా, ఎలా బతికారో చదవమన్నా," అంది కోడలు.

ఆ తరగతిలోనే మనవరాలూ ఉంది. దాన్ని తాతయ్య రేడియో అంటాడు. ఒకసారి మొదలుపెడితే ఆపే మీట లేదని. బడికి పోయినా రేడియోనే, ఇంటికొచ్చినా రేడియోనే. నాయనమ్మ అట్టలు కోస్తుంటే పక్కన కూర్చుని ఎక్కడిదో నది, ఎక్కడిదో ఊరు, నీళ్ళు ఎలా వచ్చాయో, చెరుకు తోటలు ఎలా మునిగాయో చెప్పేది. నాయనమ్మ నోరు తెరుచుకుని వినేది. లావు అక్షరాల వెనకాల ఇంత కథ ఉంటుందని ఆవిడకు ఇన్నాళ్ళకు తెలిసింది.

ఇప్పుడా రేడియో స్టూలెక్కి హాలు కిటికీ చదువుతోంది. చేతికి పుస్తకం దొరక్క కాదు, ముందు గది నిండా పుస్తకాలే. కాకపోతే కొత్తగా కిటికీ దొరికింది.

"నాయనమ్మా, విను. 'నలభై ఏళ్ళలో ఎరగని ఎండ.' ఇదొక పేపరు. దీని పక్కది చూడు, ఏడాది తర్వాతది. 'యాభై ఏళ్ళలో ఎరగని ఎండ.' ఇదిగో దీని కిందది, ఆ మరుసటేడు. 'చరిత్రలో లేని ఎండ.'"

తాతయ్య కుర్చీలోంచి నవ్వాడు. నవ్వు మధ్యలో దగ్గొచ్చింది. దగ్గు ఆగాక మళ్ళీ నవ్వాడు. "చూశావా? ఏటేటా రికార్డేనట. అమ్ముకోవడానికి రాస్తారు. ఒక ఏడు నిజమైతే మూడేళ్ళూ నిజమవుతుందా?"

"అవుతుంది తాతా. ఏటేటా నిజంగానే రికార్డు. అదే కదా గొడవ."

"ఎండాకాలమన్నాక ఎండ కాయదా?"

"కాస్తుంది. కానీ ముందొస్తోంది, ఆలస్యంగా పోతోంది. వాన పడాల్సినప్పుడు పడట్లేదు, పడ్డప్పుడు కుండపోతగా పడి కారిపోతోంది. అడవిలో చెట్లకు తడి ఉండట్లేదు. ఇదివరకు నిప్పురవ్వ పడితే ఆరిపోయేది, ఇప్పుడు అంటుకుంటోంది. మేం నాలుగు దేశాల వార్తలు చదివాం. అన్నిటిలోనూ ఇదే."

"నాలుగు దేశాలు! మన వీధి చివర ఏముందో తెలీదు గానీ..."

"వీధి చివర ఏముందో మీరు చూడనివ్వట్లేదుగా మామయ్యా," అంది కోడలు తలుపు దగ్గర్నుంచి. గొంతు పెంచలేదు. గొంతు పెంచకుండా మాట్లాడే కోడలంటే నాయనమ్మకు మొదట్నుంచీ కొంచెం భయమే. "పేపరతను రావడం మానేశాడు. పాలు రావట్లేదు. కుక్క అరవట్లేదు. ఇవి కూడా వార్తలే."

"వాడు కదలొద్దన్నాడు."

"ఆయన ఆ మాటన్నప్పుడు మంట కొండకి అవతలుంది."

"ఇప్పుడివతలుందని ఎవరు చెప్పారు?"

"ఇవతల లేదని ఎవరు చెప్పారు?"

గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది. దానికి కరెంటుతో పని లేదు, పొగతో పని లేదు.

"మనం వెళ్ళిపోయాక వాడొస్తే?" అన్నాడు తాతయ్య చివరికి. ఈసారి గొంతులో ఎకసెక్కం లేదు. "ఇల్లంతా వెతుకుతాడు. పిలుస్తాడు. మనం లేమని నమ్మడు. నమ్మి బయటపడేలోపు..." మిగతాది చెప్పలేదు. "వాడి సంగతి నీకు తెలీదు."

"నాకు తెలీదా?" అంది కోడలు.

ఇద్దరిదీ ఒకటే భయం. ఒకరి భయం పదమంటోంది, ఒకరి భయం ఉండమంటోంది. మధ్యలో నాయనమ్మ. ఎవరి వైపు మాట్లాడినా రెండోవాళ్ళ గుండెలో పొడిచినట్టే.

మాట మళ్ళించడానికి తాతయ్యే మనవరాలిని కదిపాడు. "ఏమే రేడియో, నువ్వు చదివావుగా ఏదో ఊరు కాలిందని. అక్కడెవరు బతికారు?"

"ముందు బయల్దేరినవాళ్ళు."

"ఎవరు పోయారు?"

పిల్ల స్టూలు మీద నుంచి దిగకుండానే చెప్పింది. "దారి మూసేసిందాకా ఆగినవాళ్ళు. ఇంకా... బయటికొచ్చేసి, ఏదో మర్చిపోయామని వెనక్కెళ్ళినవాళ్ళు. ఒకావిడ పిల్లి కోసం వెళ్ళింది తాతా. పిల్లి బతికింది."

నాయనమ్మ లేచి నీళ్ళ బకెట్టు దగ్గరికి వెళ్ళింది, చేసే పనేమీ లేకపోయినా. వంటింటి కిటికీలో కుక్కిన తువ్వాలు అప్పుడే ఆరి కరకరలాడుతోంది. దాన్ని తీసి మళ్ళీ తడిపి పెట్టింది. వెనకాలే వచ్చిన మనవరాలు ఆ కిటికీ ముందు నిలబడి, మెడ పక్కకు వంచి, ఇంకా వంచి, చివరికి నడుం కూడా వంచేసింది.

"ఏంటే ఆ విన్యాసం? మెడ పట్టేస్తుంది."

"దీన్ని తలకిందులుగా అంటించావు నాయనమ్మా."

"తలకిందులైతే పొగ ఆగదా ఏంటి?"

రేడియో అంతసేపు ఆగడం నాయనమ్మ ఎన్నడూ చూడలేదు. పెదాలు కదులుతున్నాయి, మాట బయటికి రావట్లేదు. ఆ తర్వాత నిటారుగా నిలబడింది. వంగి ఉన్నందుకు ఎర్రబడాల్సిన మొహం తెల్లగా ఉంది.

"అమ్మా," అని పిలిచింది. నాయనమ్మని కాదు. "అమ్మా, ఒకసారి రా."

కోడలు వచ్చింది. ఆవిడా మెడ వంచింది. చదువుతూ చదువుతూ కిటికీ చట్రం పట్టుకుంది.

"ఇది పాత పేపరు కాదత్తయ్యా. ఆఖరిసారి పేపరతను వేసి వెళ్ళింది. దీన్ని ఎవరు అంటించారు?"

నాయనమ్మకు గుర్తొచ్చింది. నిన్న పొద్దున్నే గుమ్మంలో పడి ఉన్న పేపరు. తన చేతులనిండా జిగురు. కట్టలో పేపర్లు అయిపోయి, ఇంకొకటి కావాలని చూస్తే అదక్కడ ఉంది. మడత కూడా పూర్తిగా విప్పలేదు. పేపరు చేతికొస్తే జిగురు పూయడమే తెలిసిన ఇల్లు అది. అంటించేముందు చూడాలని ఎవరికి తడుతుంది?

"నేనే," అంది. "ఏముంది అందులో?"

కోడలు పైకే చదివింది, తరగతిలో చదివినట్టు, ఒక్కో మాటా విడగొట్టి. కొండ కింది వీధుల వాళ్ళందరూ వెంటనే ఇళ్ళు ఖాళీ చేయాలి. గాలి ఇప్పటిదాకా ఊరి వైపు నుంచి కొండ మీదికి వీస్తోంది, అందుకే పొగ కిందికి జారినా మంట అవతలి వైపు ఆగింది. గాలి ఎదురు తిరగబోతోంది. తిరిగితే మంట ఇవతలి వాలు దిగడానికి పెద్దసేపు పట్టదు. పాత వంతెన మూసేస్తున్నారు. గోదాముల వెనక రోడ్డు ఒక్కటే తెరిచి ఉంటుంది. ఎవరూ ఎవరి కోసమూ ఇళ్ళలో ఆగవద్దు.

ఆఖరి వాక్యం కోడలు రెండుసార్లు చదివింది.

తాతయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో. "పాతదేదో అయ్యుంటుంది," అన్నాడు. "ఏ ఊరిదో."

"మన వీధి పేరుంది మామయ్యా."

"తేదీ చూడు."

"చూశాను."

"సరిగ్గా చూడు."

"మీరు చూడండి," అని కోడలు పక్కకు జరిగింది.

ఆయన చూడలేదు. కళ్ళజోడు జేబులోనే ఉంది, చెయ్యి జేబు దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయింది. "గాలి తిరగబోతోందని రాశారు. తిరిగిందని రాయలేదుగా. వీళ్ళు రాసినవన్నీ జరిగితే ఈపాటికి లోకం ఎన్నిసార్లు మునగాలి, ఎన్నిసార్లు కాలాలి? ఎండలు ముదిరాయట, వానలు తప్పాయట, నా చిన్నప్పట్నుంచీ..."

"అట్టలెందుకు వంకర పోతున్నాయండీ?" అంది నాయనమ్మ.

ఆయన ఆగాడు. "ఏం అట్టలు?"

"పోయినేడు గ్రంథాలయం వాళ్ళ పుస్తకాలన్నీ అట్టలు వంకరపోయాయి. నేను జిగురు పల్చగా కలిపానని నెల్లాళ్ళు నా ప్రాణం తీశారు. చేతకానిదాన్నన్నారు, చెయ్యి మొద్దుబారిందన్నారు. అదే పిండి, అదే గిన్నె, అదే చెయ్యి. ఇదివరకు ఈ నెలలో పూసిన జిగురు సాయంత్రానిగ్గానీ ఆరేది కాదు. మధ్యలో మీరో కునుకు తీసేవాళ్ళు. ఇప్పుడు కుంచె కింద పెట్టేలోపే ఆరిపోయి, అట్టని గుంజేస్తోంది. నా చేతిలో తప్పుందా? చెప్పండి. ఈ పిల్ల చెప్పేదాకా నాకూ తెలీలేదు, నా చేతిలోనే తప్పుందేమో అనుకున్నాను."

తాతయ్య బొటనవేలి మీద ఎండిన జిగురు పొక్కు గిల్లాడు.

"ఊళ్ళ సంగతులూ దేశాల సంగతులూ మీరు నమ్మొద్దు. మీ అట్టల్ని నమ్మండి."

ఆయన కిటికీ వంక చూశాడు. పేపరు వంక కాదు, దాని వెనకాల ఎర్రబడుతున్న వెలుతురు వంక. అది ఇందాక ఉన్న రంగులో లేదు.

"వాడికెలా తెలుస్తుంది?" అన్నాడు. చిన్నపిల్లాడి గొంతులా ఉంది. "మనం ఎటు పోయామో వాడికెలా తెలుస్తుంది?"

"రాసి పెడదాం," అంది మనవరాలు.

అంతే, ఆయన కాళ్ళలోకి ప్రాణం వచ్చింది. ముందు గదిలోకి వెళ్ళి బైండింగు గుడ్డ తాను లాగాడు. లేత రంగుది, బారెడు పొడవు చింపాడు. నల్ల రంగు డబ్బా తెరిచాడు. పుస్తకాల వెన్నుల మీద పేర్లు రాసిన చెయ్యి, ఎన్నడూ వంకర పోనిది. అక్షరాలు అరచేతులంత వచ్చాయి.

అందరం బయల్దేరాం. గోదాముల రోడ్డు. లోపలికి రావద్దు.

"లోపలికి రావద్దు అన్నది ఇంకా లావుగా రాయండి," అంది నాయనమ్మ.

"నాకు నేర్పుతున్నావా?" అన్నాడు. లావుగానే రాశాడు.

వీధి తలుపుకు అంటించిన కాగితాలు కోడలు గోళ్ళతో చీల్చింది. ఎన్ని వరదలు, ఎన్ని ఎండలు, ఎన్ని ఊళ్ళు పర్రుమని చిరిగి కింద పడ్డాయో. తాతయ్య నొక్కు మరలో ఉన్న పుస్తకాల దగ్గర ఒక్క క్షణం నిలబడ్డాడు.

"అవి మళ్ళీ అచ్చు వేసుకుంటారు. మిమ్మల్ని ఎవరు వేస్తారు?" అంది నాయనమ్మ.

ఆయన కుట్టుసూదీ మైనం పూసిన దారం ఉండా మాత్రం జేబులో వేసుకుని కదిలాడు.

బయట పగలు పగల్లా లేదు. బూడిద మెత్తగా రాలుతోంది. ఎదురింటి గేటు బార్లా తెరిచి ఉంది, లోపల కుక్క గొలుసు ఒక్కటే ఉంది. గుడ్డను తాతయ్య గేటు పై చువ్వకు కట్టాడు, వీధిలోంచి వచ్చేవాడికి కనబడేలా. పై రెండు మూలలూ ముడివేశాడు. కింది మూలలు కట్టడానికి వంగాడో లేదో, హారను మోగింది.

ఆ హారను ఆ ఇంట్లో ఎవరికి తెలియదు! రోజూ సందు మొదట్లో మోగేదే. మనవరాలు "నాన్నా!" అని పరిగెత్తింది. కోడలి మొహంలో ఇన్ని రోజులుగా లేని రక్తం ఒక్కసారి పొంగింది. తాతయ్య ముడి వదిలేసి, "చెప్పానా? వస్తాడని చెప్పానా?" అని గొణుగుతూనే ఉన్నాడు.

పొగలోంచి ట్యాంకరు ముక్కు బయటికొచ్చింది. కొడుకు బండే. అద్దం మీద పిల్ల అంటించిన నీలం చేపబొమ్మ కూడా ఉంది.

స్టీరింగు దగ్గర ఉన్నది కొడుకు కాదు.

"ఎక్కండి, ఎక్కండి!" అరుస్తున్నాడు లోపలి మనిషి. కొడుకుతో కలిసి బండి నడిపే పొట్టి డ్రైవరు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. "పెద్దమ్మా, ఇంకా ఇక్కడే ఉన్నారేంటి? నేను గోదాముల రోడ్డుకి పోతూ ఎవరైనా మిగిలారేమోనని తిరిగాను. ఎక్కండి!"

"మావాడేడి?" అంది నాయనమ్మ.

డ్రైవరు ఆవిడ వంక చూశాడు. తర్వాత కోడలి వంక చూశాడు. తర్వాత ఇంటి వంక.

"ఇంకా రాలేదా?"

నాయనమ్మ తల అడ్డంగా ఊపింది.

"పొద్దున్నే బయల్దేరాడు పెద్దమ్మా. వంతెన మూసేసి బండిని అటు పోనివ్వలేదు. ఆగరా, చుట్టు తిరిగి వెళ్దామంటే వినలేదు. 'మావాళ్ళు నేనొచ్చేదాకా కదలరు, నేనే చెప్పాను' అని తాళం నా చేతిలో పెట్టి నడిచిపోయాడు. ఈపాటికి మీరందరూ కలిసే వెళ్ళుంటారనుకున్నా."

కోడలు ట్యాంకరు తలుపు పట్టుకుని నిలబడింది. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద. పిల్లను అప్పటికే డ్రైవరు చంకల కింద చేతులేసి లోపలికి లాగేశాడు.

"ముందు మీరిద్దరూ కూర్చోండి. పెద్దాయనా, పెద్దమ్మా వెనక నిచ్చెన పట్టుకోండి. నేనింక ఆగలేను."

సరిగ్గా అప్పుడు గేటు మీది గుడ్డ కదిలింది.

ఇందాకటిదాకా గాలి వీధిలోంచి ఇంటి వైపు వీస్తూ దాన్ని చువ్వలకు అదిమిపెట్టి ఉంచింది. ఇప్పుడది ఊపిరి పీల్చుకున్నట్టు ఉబ్బింది. ఇంటి వెనకనుంచి వచ్చిన వేడిగాలి గేటు చువ్వల్లోంచి దూసుకొచ్చి, గుడ్డను పైకి లేపి, మెలిపెట్టి, తాడులా చుట్టేసింది. ఒక్క అక్షరం కనబడట్లేదు.

గాలి తిరిగింది.

నాయనమ్మ ఆలోచించలేదు. ఆలోచించే మనిషైతే కదిలేది కాదు. గేటు దగ్గరికి నడిచింది, వయసుకు తగని నడక. గుడ్డ అందుకుని మెలి విప్పి, రెండు చేతులా కిందికి లాగి పట్టుకుంది.

"నాయనమ్మా!" పిల్ల గొంతు కీచుగా వచ్చింది. "వెనక్కెళ్ళకూడదు! చెప్పానుగా, వెనక్కెళ్ళకూడదు!"

"వెనక్కెక్కడే, గేటు దగ్గరే ఉన్నా," అంది నాయనమ్మ. తనకే నమ్మకం లేదు.

"జరుగు," అన్నాడు తాతయ్య పక్కనుంచి. సూదిలో దారం అప్పటికే ఎక్కించి ఉంది. "నీ ముడి నిలవదు. పెళ్ళైనప్పట్నుంచీ చూస్తున్నాగా."

ఆయన ఆ గుడ్డను గేటు చువ్వకు కుట్టడం మొదలుపెట్టాడు. పుస్తకం కుట్టినట్టే, ఒక్కో కుట్టూ లాగి బిగించి. హారను మోగుతోంది. బూడిద ఆయన వేళ్ళ మీద పడుతోంది, ఊదుకుంటున్నాడు, కుడుతున్నాడు. కింది మూల అయింది. రెండో మూల అయింది. అక్షరాలు నిటారుగా నిలబడ్డాయి. లోపలికి రావద్దు. వీధిలోంచి వచ్చే ఎవడికైనా కనబడి తీరుతుంది.

"పదండిక," అంది నాయనమ్మ ఆయన చెయ్యి పట్టుకుని.

ఆయన కదల్లేదు. తల ఒక పక్కకు వంచి వింటున్నాడు.

"ఏంటి?"

"ష్."

తెరిచి వదిలేసిన వీధి తలుపులోంచి, ముందు గది దాటి, హాలు దాటి, వంటిల్లు దాటి, ఇంటి అవతలి చివర్నుంచి చప్పుడు. ఎవరో దబదబా బాదుతున్నారు. ఆగి దగ్గుతున్నారు. మళ్ళీ బాదుతున్నారు.

పెరటి తలుపు.

నాయనమ్మ మొగుడి మొహంలోకి చూసింది. అట్టలు, గుడ్డ, కాగితం, మళ్ళీ గుడ్డ. జన్మలో అంత గట్టిగా ఆయన ఏ పుస్తకాన్నీ కట్టలేదు.

వెనకాల ట్యాంకరు గేరు మారిన చప్పుడైంది.